ఆకాశపు దూరాలను కిలోమీటర్లలోకి దించే లెక్క

కాంతి సంవత్సరానికి ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే ఫోన్ రెండు సెకన్లలో చెప్పేస్తుంది. ఆ జవాబును తెలుగులో తప్పు పోకుండా రాయడమే అసలు పని. గుణకారం యంత్రం చేసిపెడుతుంది కాబట్టి అక్కడ పొరపాటు తక్కువ. ఇంగ్లీషు మిలియన్లను, పదమూడు అంకెల సంఖ్యలను లక్షలు, కోట్లలోకి దించేటప్పుడే సున్నాలు జారిపోతాయి. సైన్స్ ఫేర్ చార్టు మీదైనా, పత్రికలో వ్యాసంలోనైనా కనబడే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ చివరి మెట్టు మీదివే. అందుకని ఇక్కడ స్థిరాంకాల గురించి ఎంత చెప్పామో, సున్నాల గురించి కూడా అంతే చెబుతున్నాం.

ముందు మూడు కొలతలను గట్టిగా పట్టుకోవాలి. ఇవి మూడూ ఇప్పుడు నిర్వచనం ప్రకారం స్థిరమైనవే. కొత్తగా ఎవరో కొలిచి మార్చేవి కావు.

ఖగోళ ప్రమాణం: 149,597,870,700 మీటర్లు. మన కామాలతో రాస్తే 14,95,97,870.7 కిలోమీటర్లు, అంటే 14.96 కోట్ల కి.మీ. సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం ఇంచుమించు ఇదే. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2012లో ఈ విలువను ఖాయం చేసింది.

కాంతి సంవత్సరం: 94,60,73,04,72,580.8 కిలోమీటర్లు. అంటే 9.46 లక్షల కోట్ల కి.మీ. శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792.458 కి.మీ. పోతుంది. ఏడాదిని 365.25 రోజులుగా తీసుకుంటే 3,15,57,600 సెకన్లు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే పై సంఖ్య.

పార్సెక్: 2,06,264.8 ఖగోళ ప్రమాణాలు. అంటే 30.857 లక్షల కోట్ల కి.మీ., లేదా 3.26156 కాంతి సంవత్సరాలు.

వీటికి తోడు రెండు వంతెనలు గుర్తుంటే చాలు. ఒక కాంతి సంవత్సరానికి 63,241 ఖగోళ ప్రమాణాలు. ఒక ఖగోళ ప్రమాణం దాటడానికి కాంతికి 499 సెకన్లు, అంటే 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. సరిచూసుకోవడానికి ఈ రెండూ బాగా అక్కరకొస్తాయి.

ఇప్పుడు సున్నాల సంగతి. పదికి పైన వేసే ఘాతాన్ని మన మాటల్లోకి మార్చే పద్ధతి ఇది:

10⁵ లక్ష
10⁶ పది లక్షలు (ఇంగ్లీషు మిలియన్)
10⁷ కోటి
10⁹ వంద కోట్లు (బిలియన్)
10¹² లక్ష కోట్లు (ట్రిలియన్)
10¹⁴ కోటి కోట్లు

ఘాతంలోంచి 7 తీసేస్తే సంఖ్య కోట్లలోకి వస్తుంది. 12 తీసేస్తే లక్షల కోట్లలోకి వస్తుంది. ఉదాహరణకు 4.5×10⁹ కి.మీ. అని వచ్చిందనుకోండి. 9 లోంచి 7 పోతే 2. కాబట్టి 4.5×100 కోట్లు, అంటే 450 కోట్ల కి.మీ. అదే 8.1×10¹³ అయితే 12 తీసేయండి, మిగిలింది 1. 81 లక్షల కోట్లు. బడ్జెట్ వార్తలు చదివే అలవాటున్న వాళ్ళకు లక్ష కోట్లు కొత్త మాట కాదు. ఆ విషయంలో ట్రిలియన్ అనే మాట కంటే మన మాటే పాఠకుడికి దగ్గర.

ఒక్క జాగ్రత్త. 9.46 లక్షల కోట్లను మాటల్లో విడగొట్టేటప్పుడు చాలామంది 9 లక్షల 46 కోట్లు అనేస్తారు. అది తప్పు. 9 లక్షల 46 వేల కోట్లు అనాలి. దశాంశ బిందువు తర్వాతి 46 అంటే లక్షలో నూటికి నలభై ఆరు వంతులు, అంటే 46 వేలు. ఈ ఒక్క మాట జారితే 46 వేల కోట్ల కిలోమీటర్లు మాయమైపోతాయి. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దాకా వంద సార్లు వెళ్ళినంత దూరం అది.

రెండో జాగ్రత్త మిలియన్ దగ్గర. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 నిలిచిన చోటు భూమికి 1.5 మిలియన్ కిలోమీటర్లు. తెలుగులో 15 లక్షలు. దాన్ని 1.5 కోట్లు అనో, 1.5 లక్షలు అనో రాసేస్తే ఒకటి పది రెట్లు ఎక్కువ, ఒకటి పది రెట్లు తక్కువ. సరిచూడడానికి ఇంకో దారి ఉంది. 15 లక్షల కి.మీ. అంటే ఖగోళ ప్రమాణంలో నూరో వంతు, 14.96 లక్షలు. కాబట్టి సూర్యుడి దిశగా ఒక శాతం దూరం. ఒకటిన్నర కోటి అని రాస్తే పది శాతం అయిపోతుంది, అక్కడే అనుమానం రావాలి.

లెక్క చేసే క్రమం చూద్దాం. నెప్ట్యూన్ సూర్యుడి నుంచి సగటున 30.07 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉంది. 30.07ను 14.96తో గుణించండి, 449.8 వస్తుంది. యూనిట్ కోట్ల కి.మీ., కాబట్టి జవాబు దాదాపు 450 కోట్ల కి.మీ. గ్రహాల లెక్కల్లో 14.96 కోట్లనే పట్టుకుంటే ఘాతాల గొడవే ఉండదు. ఇప్పుడు వెనక్కి సరిచూడండి. 30.07ను 8.317 నిమిషాలతో గుణిస్తే 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు. కాంతి గంటకు 107.9 కోట్ల కి.మీ. పోతుంది కాబట్టి 4.17×107.9 దాదాపు 450. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే సున్నాలు సరిగ్గా ఉన్నట్టే.

అంతరిక్ష నౌకల వార్తల్లో దూరం కంటే సంకేతం పట్టే సమయమే ఎక్కువగా చెబుతారు. అక్కడ కాంతి నిమిషానికి 1.8 కోట్ల కి.మీ. అనుకుంటే నోటి లెక్క అయిపోతుంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు సంకేతం ఇక్కడికి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టింది. 12.5×1.8 అంటే 22.5 కోట్ల కి.మీ. అదే అంగారకుడు బాగా దగ్గరికి వచ్చినప్పుడు మూడు నిమిషాలు, అంటే అయిదున్నర కోట్ల కి.మీ.కు అటూ ఇటూ. అందుకే "అంగారకుడి దూరం ఎంత" అని అడిగితే వెంటనే ఒక సంఖ్య చెప్పకూడదు. ఎక్కణ్ణుంచి? సూర్యుడి నుంచి సగటా, భూమి నుంచి ఆ రోజునా? ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క ఎంత శుద్ధంగా చేసినా జవాబు తప్పే.

15 కోట్లు అనొచ్చా, 14.96 అనాలా? బడి పిల్లల పాఠానికి 15 కోట్లు చాలు, తేడా పావు శాతం మాత్రమే. కానీ ఆ పావు శాతం కిలోమీటర్లలో 4,02,129. భూమి నుంచి చంద్రుడికి ఉన్న సగటు దూరం 3,84,400. అంటే మనం "అటూ ఇటూగా" అని వదిలేసిన ముక్కలో చంద్రుడి దాకా దారి మొత్తం ఇమిడిపోయి ఇంకా మిగులుతుంది. చంద్రుడి దూరాన్నీ సూర్యుడి దూరాన్నీ ఒకే పట్టికలో పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కాంతి సంవత్సరం విషయంలో ఇంతకంటే తమాషా ఒకటుంది. పాత పద్ధతిలో కాంతి వేగం 3 లక్షల కి.మీ., ఏడాదికి 365 రోజులు అని గుణిస్తే 9.4608 లక్షల కోట్లు వస్తుంది. అసలు విలువ 9.46073. తేడా 6.95 కోట్ల కి.మీ. మాత్రమే, సగం ఖగోళ ప్రమాణం కూడా లేదు. వేగం కొంచెం ఎక్కువ తీసుకున్నాం, రోజులు దాదాపు అంతే శాతం తక్కువ తీసుకున్నాం, ఒకదానికొకటి చెల్లు. ఇక శుద్ధంగా చేద్దామని ఒకదాన్ని మాత్రమే సరిదిద్దితే పని చెడుతుంది. 3 లక్షలు అలాగే ఉంచి రోజులు 365.25 చేస్తే 655 కోట్ల కి.మీ. ఎక్కువ వస్తుంది. వేగాన్ని 2,99,792.458 చేసి రోజులు 365 ఉంచితే 648 కోట్లు తగ్గుతుంది. రెండూ నెప్ట్యూన్ దూరాన్ని మించిన తప్పులే. కాబట్టి దిద్దితే రెండూ దిద్దండి, లేకపోతే రెండూ వదిలేయండి.

ఖగోళ ప్రమాణానికి మన విశాఖపట్నంతో చిన్న సంబంధం ఉంది. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన అబ్జర్వేటరీ నుంచి, ఆయన తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించారు. అప్పట్లో ఖగోళ ప్రమాణాన్ని మైళ్ళలో తేల్చడానికి ప్రపంచమంతా ఆధారపడింది శుక్రుడు ఇలా దాటడం మీదే. కెప్లర్ నియమాల నుంచి గ్రహాల దూరాల నిష్పత్తులు ముందే తెలుసు. భూమి దూరం 1 అయితే శుక్రుడిది 0.723, గురుడిది 5.2. తెలియనిది ఆ ఒకటి ఎంత అన్నదే. వేర్వేరు ఊళ్ళ నుంచి శుక్రుడు దాటే సమయాన్ని కొలిచి, ఊళ్ళ మధ్య దూరం ఆధారంగా దాన్ని రాబట్టేవారు. 1961లో రాడార్ తరంగాలు శుక్రుణ్ణి తాకి తిరిగొచ్చే సమయాన్ని కొలవడంతో ఆ పద్ధతికి పని తప్పింది. మార్పిడి చేసేవాళ్ళకు దీంట్లో పనికొచ్చే ముక్క ఒకటే: గ్రహాల దూరాలను ఖగోళ ప్రమాణాల్లో ఉంచుకుని, గుణకారం చివర్లో ఒక్కసారే చేయండి. మధ్యమధ్యలో కిలోమీటర్లలోకి మార్చి, సవరించి, మళ్ళీ మారిస్తే ప్రతిసారీ చివరి అంకె చెడుతుంది.

పార్సెక్ దగ్గర చాలామంది బెదురుతారు. అది కోణం నుంచి పుట్టిన పొడవు కావడమే కారణం. ఓడరేవు ఉన్న ఊళ్ళో ఈ ఊహ కొత్తదేం కాదు. నావికులు వాడే నాటికల్ మైలు కూడా అలా పుట్టిందే. భూమి కేంద్రం నుంచి చూస్తే అక్షాంశంలో ఒక నిమిషం కోణానికి సరిపడే పొడవు అది, ఇప్పుడు సరిగ్గా 1852 మీటర్లుగా ఖాయం చేశారు. పార్సెక్‌లో నిమిషం బదులు సెకను, భూమి వ్యాసార్ధం బదులు భూమి కక్ష్య వ్యాసార్ధం ఉంటాయి. లెక్క మాత్రం తిరగబడుతుంది: ఇక్కడ పొడవు తెలుసు, కోణం తెలుసు, కనుక్కోవలసింది దూరం.

బీచ్‌లో నిలబడి చెయ్యి చాచి బొటనవేలు ఎత్తి, డాల్ఫిన్ నోస్ కొండ మీదకి గురిపెట్టి, ఒక కన్నూ ఆ తర్వాత ఇంకో కన్నూ మూసి చూడండి. వేలు కొండ మీద అటూ ఇటూ గెంతుతుంది. ఆ గెంతే పారలాక్స్. నక్షత్రాల విషయంలో రెండు కళ్ళ మధ్య దూరానికి బదులు భూమి కక్ష్య ఉంటుంది. ఒక ఖగోళ ప్రమాణం పొడవు ఒక ఆర్క్ సెకను కోణంలో కనబడేంత దూరమే ఒక పార్సెక్. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. పది రూపాయల బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు. దాన్ని ఒక ఆర్క్ సెకను కోణంలో చూడాలంటే 5.57 కి.మీ. దూరాన పెట్టాలి. ఆర్కే బీచ్‌లో నిలబడి అయిదున్నర కిలోమీటర్ల అవతలున్న ఆ బిళ్ళ అడ్డాన్ని కొలవడమన్న మాట. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి కూడా పారలాక్స్ ఆ ఒక్క సెకను లేదు, 0.768 ఆర్క్ సెకన్లే.

సూత్రం మాత్రం చాలా సులువు. 1ని పారలాక్స్‌తో భాగిస్తే దూరం పార్సెక్కుల్లో వస్తుంది. పంచాంగంలో మనకు తెలిసిన స్వాతి నక్షత్రాన్ని తీసుకుందాం. దాని పారలాక్స్ 88.83 మిల్లీ ఆర్క్ సెకన్లు.

1. మిల్లీని వదిలించుకోండి: 88.83ను 1000తో భాగిస్తే 0.08883 ఆర్క్ సెకన్లు.
2. 1ని 0.08883తో భాగించండి: 11.26 పార్సెక్కులు.
3. కాంతి సంవత్సరాలు కావాలంటే 3.26156తో గుణించండి: 36.7.
4. కిలోమీటర్లు కావాలంటే 11.26ను 30.857 లక్షల కోట్లతో గుణించండి: 347 లక్షల కోట్లు. వంద లక్షలు కోటి కాబట్టి 3.47 కోటి కోట్ల కి.మీ.

మూడో మెట్టు జవాబుతో నాలుగో మెట్టును సరిచూడొచ్చు. 36.7×9.46 కూడా 347 దగ్గరే ఆగాలి. ఆగకపోతే ఎక్కడో బిందువు జారింది.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. నక్షత్ర పట్టికల్లో పారలాక్స్ దాదాపు ఎప్పుడూ మిల్లీ ఆర్క్ సెకన్లలోనే ఉంటుంది. మొదటి మెట్టు మరిచిపోయి 1ని 88.83తో భాగిస్తే 0.011 పార్సెక్ వస్తుంది. సూర్యుడు తప్ప ఏ నక్షత్రమూ ఒక పార్సెక్ లోపల లేదు కాబట్టి, ఒకటి కంటే చిన్న జవాబు వచ్చిందంటే ఈ తప్పే చేశారని తెలుసుకోవాలి. రెండోది: పారలాక్స్ అంటే ఆరు నెలల్లో నక్షత్రం కదిలినట్టు కనిపించే మొత్తం కోణం కాదు, అందులో సగం. ఆరు నెలల్లో భూమి రెండు ఖగోళ ప్రమాణాల అడ్డం దాటుతుంది, నిర్వచనంలో ఉన్నది ఒకటే. పట్టికల్లో ఉండేది ఎప్పుడూ ఆ సగమే. సొంతంగా ఫొటోల మీద కొలిచిన పిల్లలు మాత్రం రెండుతో భాగించడం మరిచి, దూరాన్ని సగం చేసేస్తారు.

ఎన్ని అంకెలు ఉంచాలి? ఈ ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు. సిరియస్ దూరం 8.6 కాంతి సంవత్సరాలు అని చదివారు. కాలిక్యులేటర్‌లో కొడితే 8,13,62,28,20,64,194 కి.మీ. వస్తుంది. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, చార్టు మీద బాగా కనిపిస్తుంది కూడా. కానీ 8.6 అన్నప్పుడే అసలు విలువ 8.55కీ 8.65కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని ఒప్పుకున్నాం. అటూ ఇటూ ఆ 0.05 తేడా 47 వేల కోట్ల కి.మీ. చివర 194 కిలోమీటర్లు రాయడంలో అర్థం లేదు. ఇచ్చిన సంఖ్యలో రెండు సార్థక అంకెలు ఉంటే జవాబులోనూ రెండే ఉంచండి: 81 లక్షల కోట్ల కి.మీ. అంతే. గుణకారం జరుగుతున్నప్పుడు మాత్రం కుదించకండి, అన్ని అంకెలూ ఉంచుకుని చివర్లో కుదించండి.

ఇక యంత్రాల సంగతి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ల మీద ఘాతానికి వేరే బటన్ ఉంటుంది. దాంట్లోనే "పది మీద" అన్న అర్థం ఇమిడి ఉంటుంది. 9.46 నొక్కి, ఆ బటన్, తర్వాత 12 నొక్కితే సరిపోతుంది. చాలామంది 9.46, గుణకారం, 10, ఘాతం బటన్, 12 అని నొక్కుతారు. అప్పుడు మధ్యలో ఒక పది ఎక్కువ చేరి జవాబు పది రెట్లవుతుంది. సరిగ్గా పది రెట్లు తేడా వచ్చిన ప్రతిసారీ ముందు అనుమానించవలసింది దీన్నే. భాగహారంలో బ్రాకెట్లు ముఖ్యం. ఒక సంఖ్యను రెండు సంఖ్యల గుణకారంతో భాగించాలంటే కింది రెండింటినీ బ్రాకెట్‌లో పెట్టాలి. లేకపోతే మొదటిదానితో భాగించి రెండోదానితో గుణించేస్తుంది.

ఫోన్ కాలిక్యులేటర్, ఎక్సెల్ రెండూ పెద్ద సంఖ్యను 9.46, పక్కన ఈ అనే ఇంగ్లీషు అక్షరం, ఆ పక్కన 12 అని చూపిస్తాయి. అది ఎర్రర్ కాదు, 9.46×10¹² అనే అర్థం. ఎక్సెల్ గడిలో కూడా అలాగే నేరుగా టైప్ చేయొచ్చు, సున్నాలు లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. కానీ ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నా చేసేస్తుంది. మీటర్లలో కాంతి సంవత్సరం 16 అంకెల సంఖ్య. అదృష్టం బాగుండి దాని చివర రెండూ సున్నాలే కాబట్టి బతికిపోతుంది. వేరే సంఖ్యలకు ఆ అదృష్టం ఉండదు. ఎలాగూ మనకు నాలుగైదు సార్థక అంకెలకు మించి అక్కర్లేదు కాబట్టి దీనికి బెంగపడనక్కర్లేదు.

కామాలు మాత్రం కంప్యూటర్ సెట్టింగ్ మీద ఆధారపడతాయి. విదేశీ పద్ధతిలో మూడేసి అంకెలకు ఒక కామా, మనకు మొదటి మూడు పోగా రెండేసి అంకెలకు ఒక కామా. ఇంగ్లీషు పేజీలోంచి 149,597,870 అని ఎత్తి తెచ్చి "149 లక్షలు" అని చదివేస్తే తప్పు. ఎత్తి తెచ్చిన సంఖ్యలో ముందు కామాలన్నీ తీసేయండి, కుడి వైపు నుంచి మన పద్ధతిలో మళ్ళీ పెట్టండి, అప్పుడు చదవండి. అమెరికన్ పేజీలైతే మైళ్ళు కూడా చూసుకోవాలి. సూర్యుడి దూరం 93 మిలియన్, కాంతి సంవత్సరం 5.88 ట్రిలియన్ అని కనబడితే అవి మైళ్ళు. 1.609తో గుణించిన తర్వాతే కిలోమీటర్లవుతాయి. 5.88 లక్షల కోట్ల కిలోమీటర్లు అని రాసిన వాళ్ళు ఇక్కడే దెబ్బతిన్నారు.

కిలోమీటర్లలోకి మార్చేశాక కూడా 450 కోట్లు అంటే ఎంతో మనసుకు పట్టదు. అందుకు దాన్ని తెలిసిన దారి మీద పరచాలి. విశాఖలో అందుకు బీచ్ రోడ్డు కంటే మంచిది లేదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి భీమిలి దాకా దాదాపు 24 కి.మీ. నెప్ట్యూన్‌ను భీమిలిలో పెడదాం. 24 కి.మీ.ను 30.07తో భాగిస్తే దాదాపు 800 మీటర్లు. అంటే ఒక ఖగోళ ప్రమాణం 800 మీటర్లు. ఖగోళ ప్రమాణాన్ని మీటర్లలో రాసి 800తో భాగిస్తే 18.7 కోట్లు. ఇదే మన స్కేలు. ఇక ఏ పొడవునైనా మీటర్లలో రాసి 18.7 కోట్లతో భాగించడమే.

సూర్యుడి అడ్డం 13,92,700 కి.మీ., స్కేలులో 7.45 మీటర్లు, రెండున్నర అంతస్తుల ఎత్తు. దాన్ని సబ్‌మెరైన్ పక్కన పెట్టండి. బుధుడు 310 మీటర్ల దగ్గర, శుక్రుడు 578 మీటర్ల దగ్గర. భూమి 800 మీటర్ల దగ్గర 6.8 సెంటీమీటర్ల టెన్నిస్ బంతి. చంద్రుడు ఆ బంతికి రెండు మీటర్ల ఆవల పెద్ద గోలీ అంత. అంగారకుడు 1.22 కి.మీ. దగ్గర 3.6 సెంటీమీటర్లు, చిన్న నిమ్మకాయంత. గురుడు 4.16 కి.మీ. దగ్గర 75 సెంటీమీటర్ల అడ్డంతో ఉంటాడు. శని 7.66 కి.మీ., యురేనస్ 15.4 కి.మీ., నెప్ట్యూన్ 24 కి.మీ. బండి మీద వెళ్తూ ఓడోమీటర్ చూసుకుని గుర్తులు పెట్టుకోండి. తొట్లకొండ, మంగమారిపేట చుట్టుపక్కల ఏ మలుపు దగ్గర ఏది వస్తుందో దానంతటదే తేలుతుంది. రోడ్డు తీరం వెంట వంకర్లు తిరుగుతుంది కాబట్టి గీత గీసినట్టు చూస్తే దూరం కొంచెం తక్కువే. ఈ పనికి ఆ తేడా ఫరవాలేదు.

నమూనాలు చేసేవాళ్ళు గ్రహాల సైజుకు ఒక స్కేలు, దూరాలకు ఇంకో స్కేలు వాడేస్తారు. గోడ చార్టుల్లో గ్రహాలు బంతుల్లా ఒకదాని పక్కన ఒకటి కనబడడానికి కారణం అదే. అలా చేయక తప్పకపోతే రెండు స్కేళ్ళూ కింద రాయండి. రాయకపోతే చూసినవాళ్ళు గురుడు మన పక్కింట్లోనే ఉన్నాడనుకుంటారు.

ఇదే స్కేలులో ప్రాక్సిమాను ఎక్కడ పెట్టాలి? 4.25 కాంతి సంవత్సరాలంటే దాదాపు 2,68,800 ఖగోళ ప్రమాణాలు. 800 మీటర్లతో గుణిస్తే 2,15,000 కి.మీ. అసలైన చంద్రుడి దాకా ఉన్న దారిలో సగం దాటేశాం. భీమిలి రోడ్డు కాదు, భూగోళమే చాలదు. నక్షత్రాలకు స్కేలు మార్చాల్సిందే. కాంతి సంవత్సరాన్ని ఒక కిలోమీటరు చేయండి. అప్పుడు ఖగోళ ప్రమాణం 1.58 సెంటీమీటర్లు, సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దాకా 48 సెంటీమీటర్లు. ఆ లెక్కన బీచ్‌లో నిలబడితే ప్రాక్సిమా 4.25 కి.మీ., సిరియస్ 8.6 కి.మీ., 25 కాంతి సంవత్సరాల అభిజిత్ భీమిలి దగ్గర, 36.7 కాంతి సంవత్సరాల స్వాతి అనకాపల్లి దరిదాపుల్లో. సూర్యుడి అడ్డం ఇక్కడ 0.15 మిల్లీమీటర్లు, సన్నటి ఇసుక రేణువంత.

గెలాక్సీల దగ్గరకొచ్చేసరికి కిలోమీటర్లలోకి మార్చడమే దండగ. పాలపుంత కేంద్రం దాదాపు 8 కిలోపార్సెక్కులు, అంటే 26 వేల కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో 2.47×10¹⁷, మాటల్లో 2,470 కోటి కోట్లు. చదివినా బుర్రకెక్కదు. ఇక్కడ కిలో, మెగా అనే ఉపసర్గలను సరిగ్గా చదవడమే ముఖ్యం. మెగాపార్సెక్ పది లక్షల పార్సెక్కులు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. ఇంగ్లీషులో మెగాకు పెద్ద ఎమ్, మిల్లీకి చిన్న ఎమ్. టైప్ చేసేటప్పుడు ఇవి తారుమారైతే తేడా వంద కోట్ల రెట్లు.

ఆండ్రోమెడా గెలాక్సీ దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో 2.4×10¹⁹, అంటే 2.4 లక్షల కోటి కోట్లు. దాన్ని రోడ్డు మీదకి దించాలంటే స్కేలు ఇంకో లక్ష రెట్లు కుదించాలి. లక్ష కాంతి సంవత్సరాలు ఒక కిలోమీటరు. అప్పుడు ఆండ్రోమెడా మళ్ళీ భీమిలి దగ్గరికే, 25 కి.మీ.కు వస్తుంది. పాలపుంత పళ్ళెం కురుసుర దగ్గర ఒక కిలోమీటరు వెడల్పున పరుచుకుంటుంది. ప్రాక్సిమా మన నుంచి నాలుగుంపావు సెంటీమీటర్లు.